సొరుగున్న టీపాయ్ ఇంట్లోనే చేసుకోవాలంటే: ఏ సొరుగు, ఏ కర్ర, ఏ పాలిష్

టీపాయ్ చేద్దామనుకోగానే చాలామంది ముందుగా కర్ర గురించి ఆలోచిస్తారు. టేకా, ప్లైవుడ్డా, రబ్బరు కర్రా అని. విజయవాడ, గుంటూరు గాలిలో ముందు తేల్చుకోవాల్సింది సొరుగు సంగతి. నాలుగు కాళ్లూ, పైపలకా ఓ మాదిరి కర్రతో చేసినా నిలబడతాయి. సొరుగు అలా కాదు. మే నెల వడగాలిలో వెన్నలా జారిన సొరుగు శ్రావణం వానలకు ఉబ్బి బిగుసుకుపోతుంది. పట్టుకుని గుంజితే పిడి ఊడి చేతికొస్తుంది. అందుకే సొరుగు ఎటువైపు తెరుచుకోవాలి, దేనిమీద జారాలి అన్నది ముందు నిర్ణయించుకోండి. కర్ర ఎంపిక సగం దాంతోనే తేలిపోతుంది.

చూడాల్సిన విషయాలు

మొదటిది తేమ. కర్ర వానాకాలంలో అడ్డంగా పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. నిలువునా, అంటే నార సాగిన దిక్కున, దాదాపు కదలదు. 22 అంగుళాల వెడల్పున్న టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే వెడల్పు 3 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా మారొచ్చు. టేకే ఇలా ఉంటే మిగతా కర్రల సంగతి చెప్పనక్కర్లేదు.

రెండోది చెద, పురుగు. కింది అంతస్తులోనో, పెరడు ఉన్న ఇంట్లోనో ఉండేవాళ్లకు ఇది పెద్ద విషయం. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో చెద భయం తక్కువే గానీ, కర్రలోనే దాగి వచ్చే పురుగుకు అంతస్తులతో పనిలేదు.

మూడోది నేల. మనం రోజూ తడిగుడ్డతో ఇల్లు తుడుస్తాం. కాలి అడుగుభాగంలో కోసిన మొహం నీళ్లను ఒత్తులా పైకి పీలుస్తుంది. రెండేళ్లయ్యేసరికి కాళ్ల చివర్లు నల్లబడి పాలిష్ పొరలుగా లేస్తుంది.

నాలుగోది మీ దగ్గరున్న పనిముట్లు. రంపం, ఉలి, చిత్రిక, మూలమట్టంతో చేసే పనికీ, డ్రిల్లూ చేతి కటింగ్ మిషనూ పెట్టుకుని చేసే పనికీ సరిపడే కర్రలు వేరు.

ఖర్చు ఐదోది. కలప ధర అడితిని బట్టీ, కర్ర మందాన్ని బట్టీ, చేవను బట్టీ మారుతుంది కాబట్టి ఇక్కడ రూపాయల లెక్క వెయ్యడం లేదు. ఎంత కర్ర పడుతుందో కింద ఉంది, దాన్ని పట్టుకుని రెండు మూడు చోట్ల అడగండి.

కొలతలు

పోలిక సరిగ్గా ఉండాలంటే ఒకే టీపాయ్‌ని లెక్కలోకి తీసుకోవాలి. పైపలక 42 × 22 అంగుళాలు. ఎత్తు పైపలకతో కలిపి 17 అంగుళాలు. కాళ్లు చిత్రిక పట్టాక ఒకటిముప్పావు అంగుళం చదరం. పలక అన్ని వైపులా రెండేసి అంగుళాలు బయటికి ఉంటే కింది చట్రం 38 × 18 అవుతుంది. చట్రం పట్టీల ఎత్తు నాలుగున్నర అంగుళాలు. సొరుగు వైపు మాత్రం పైన ముప్పావు, కింద ముప్పావు అంగుళం పట్టీలు పోను మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. రిమోట్లు, కళ్లజోళ్లు, కరెంటు బిల్లులు, పిల్లల రంగు పెన్సిళ్లు పట్టడానికి ఆ లోతు చాలు.

సొరుగు పొడవు వైపా, పొట్టి వైపా?

షోరూముల్లో ఎక్కువగా సొరుగు పొడవు వైపు ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, సోఫాలో కూర్చుని చేయి చాపితే అందుతుంది. కానీ ఆ వైపు కాళ్ల మధ్య దూరం ముప్పైనాలుగున్నర అంగుళాలు, లోపలి లోతు పదహారు అంగుళాలే. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన సొరుగు చెక్క పట్టీల మీద సరిగ్గా జారదు. ఒక పక్క పట్టుకుని లాగితే రెండో పక్క వెనకబడుతుంది, సొరుగు మూలగా తిరిగి రెండు పక్కలా ఒరుసుకుని ఆగిపోతుంది. ఎంత మైనం పూసినా ఇది పోదు, ఎందుకంటే లోపం కొలతల్లోనే ఉంది.

పొట్టి వైపు పెడితే ఖాళీ వెడల్పు పద్నాలుగున్నర అంగుళాలు, సొరుగు లోతు ఇరవై అంగుళాల దాకా పెట్టుకోవచ్చు. లోతు వెడల్పుకంటే ఎక్కువ కాబట్టి తిన్నగా వెళ్తుంది. చెక్క పట్టీల మీద జారే సొరుగు కావాలంటే పొట్టి వైపే పెట్టండి. ఇందులో రాజీ వద్దు.

పొడవు వైపే కావాలంటే రెండు పనులు చెయ్యండి. ఒకటి, మధ్యలో పదహారున్నర అంగుళాల ఖాళీ మాత్రమే వదిలి, రెండు పక్కలా ముప్పావు అంగుళం మందం పలకలు నిలబెట్టి, మిగిలిన ఎనిమిదింపావు అంగుళాల చొప్పున ముందుభాగాన్ని మూసెయ్యండి. రెండు, బాల్ బేరింగ్ చానల్ (గుండ్ల మీద జారే లోహపు పట్టాల జత) వాడండి. చానల్ సొరుగును రెండు పక్కలా పట్టుకుని ఉంటుంది కాబట్టి మెలితిరగనివ్వదు.

చెక్క పట్టీలా, చానలా?

| | చెక్క పట్టీలు | బాల్ బేరింగ్ చానల్ |
|---|---|---|
| పక్కల సందు | ఒక్కో పక్క ఒకటిన్నర మి.మీ. | ఒక్కో పక్క 13 మి.మీ. |
| పొట్టి వైపు ఖాళీ 368 మి.మీ. అయితే సొరుగు వెడల్పు | 365 మి.మీ. | 342 మి.మీ. |
| పొడవు వైపు మధ్య ఖాళీ 419 మి.మీ. అయితే | వద్దు | 393 మి.మీ. |
| ఎంతవరకు బయటికొస్తుంది | మూడింట రెండొంతులు లాగితే మంచిది | మొత్తం |
| వానాకాలం | పై సందు చాలకపోతే బిగుస్తుంది | సాధారణంగా బిగియదు |
| పొరపాటుకు అవకాశం | చిత్రికతో సరిచేసుకోవచ్చు | రెండు మి.మీ. తేడా వచ్చినా పట్టేస్తుంది |

చానల్ సులువని అందరూ అంటారు. కొనడానికి సులువే. కానీ దానికి రెండు పక్కలూ ఒకదానికొకటి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. చట్రం ముందు 419, వెనక 416 ఉంటే సొరుగు సగం దాకా హాయిగా వెళ్లి అక్కణ్నుంచి మొరాయిస్తుంది. కాబట్టి చట్రం జిగురుతో బిగించే ముందు రెండు మూలల కొలతలూ కర్ణంగా తీసి, సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. సొరుగు పెట్టెను చట్రం పూర్తయ్యాకే, అసలు ఖాళీని కొలిచి చెయ్యాలి. కాగితం మీది కొలతతో ముందే చేసి పెట్టుకుంటే దాదాపు ఎప్పుడూ తేడా వస్తుంది. పెట్టె ఒక మిల్లీమీటరు సన్నగా ఉంటే చానల్ వెనక అట్టముక్క పెట్టి సర్దొచ్చు. లావుగా ఉంటే విప్పి మళ్లీ చెయ్యాల్సిందే.

చానల్ ఎత్తు 45 మిల్లీమీటర్లు. మన మూడంగుళాల ఖాళీలో 60 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టె పెడితే అది బాగా కూర్చుంటుంది. పొడవు వైపు పెడితే 14 అంగుళాల జత, పొట్టి వైపు పెడితే 20 అంగుళాల జత తీసుకోండి. సొరుగు అడుగున అమర్చే చానల్ ఈ టీపాయ్‌కి వద్దు. అసలే తక్కువున్న ఎత్తును అది తినేస్తుంది.

చెక్క పట్టీలతో చేస్తే ఒక మెలిక ఉంది. కాళ్లు ఒకటిముప్పావు అంగుళం, చట్రం పట్టీ ముప్పావు అంగుళం. పట్టీ బయటి అంచు కాలి బయటి అంచుతో సమంగా బిగిస్తే లోపల కాలికీ పట్టీకీ మధ్య అంగుళం లోతు గుంట మిగులుతుంది. సొరుగు ఆ గుంటలోకి పక్కకి ఊగుతుంది. అక్కడ అంగుళం మందం బద్ద వేసి, కాలి లోపలి మొహంతో సమం చెయ్యాలి. దాని కింద సొరుగు కూర్చునే పట్టీ, పైన ఇంకో పట్టీ వెయ్యాలి. పై పట్టీ లేకపోతే సొరుగు సగం లాగగానే ముందుకు వాలిపోతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. సొరుగు పక్క పలకలు ప్లైవుడ్‌వైతే పైన ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు చాలు. కర్రవైతే మే నెలలో చేస్తున్నప్పుడు మూడు మిల్లీమీటర్లు వదలండి, వానల్లో చేస్తున్నప్పుడు రెండు చాలు, ఎందుకంటే అప్పటికే కర్ర ఉబ్బి ఉంటుంది.

ఏ పద్ధతైనా సరే, పక్క పలకలకు 12 మిల్లీమీటర్ల ప్లై, అడుగుకు 6 మిల్లీమీటర్ల ప్లై వాడమని గట్టిగా చెబుతాం. పైపలక టేకుదైనా సరే. ప్లైవుడ్‌లో పొరలు అడ్డదిడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి వెడల్పు పెద్దగా మారదు. కనిపించే ముందు బిళ్ల ఒక్కటీ అసలు కర్రతో చేస్తే సరిపోతుంది. అడుగు ప్లైని మేకులతో కింద కొట్టకండి, పక్క పలకల్లో గాడి తీసి అందులోకి తొయ్యండి. మేకులు కొడితే ఏడాదిలో అడుగు వేలాడి కింది పట్టీకి తగులుతుంది.

ఇప్పుడు కర్ర

| | తేమకు కదలిక | చెద, పురుగు | చేతి పనిముట్లతో | ఖర్చు |
|---|---|---|---|---|
| కొత్త టేకు | తక్కువ | చేవకు భయం లేదు | బాగుంటుంది | అన్నిటికంటే ఎక్కువ |
| పాత టేకు | ఇంకా తక్కువ | పాత పుచ్చు చూసుకోవాలి | మేకులే చిక్కు | మధ్యస్థం |
| వేప | ఎక్కువ | తక్కువ భయం | కష్టం | తక్కువ |
| మామిడి | మధ్యస్థం | పురుగు త్వరగా పడుతుంది | సులువు | తక్కువ |
| రబ్బరు కర్ర బోర్డు | మధ్యస్థం | మందు పట్టించినదైతేనే | చాలా సులువు | మధ్యస్థం |
| ప్లైవుడ్ | చాలా తక్కువ | రకాన్ని బట్టి | మిషన్ ఉండాలి | మధ్యస్థం |

చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఈ పట్టికలో ఎందుకు లేవంటే, తడిగుడ్డతో తుడిచే నేల మీద అవి నిలవవు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలా నీళ్లలో నానిన పార్టికల్ బోర్డు ఆరాక కూడా పాత మందానికి రాదు, స్క్రూ పట్టు వదిలేస్తుంది. టేకు, మంచి ప్లైవుడ్ కడిగి నీడన ఆరబెడితే చాలావరకు దక్కుతాయి.

*కొత్త టేకు.* ఈ టీపాయ్ మొత్తానికి లెక్క కడితే, పైపలకకు 0.54 సి.ఎఫ్.టి. (ఘనపుటడుగు), కాళ్లకు 0.16, చట్రానికి 0.29, సొరుగు ముందు బిళ్ల, లోపలి పట్టీలు కలిపి 0.11. అంటే 1.1 సి.ఎఫ్.టి. కోతకూ చిత్రికకూ పోయేది కలుపుకుంటే ఒకటిన్నర సి.ఎఫ్.టి. తీసుకోండి. అడితిలో బద్ద కొలిచేటప్పుడు మీరే లెక్క కట్టుకోండి: అడుగుల్లో పొడవు, అంగుళాల్లో వెడల్పు, అంగుళాల్లో మందం, మూడూ గుణించి 144తో భాగిస్తే సి.ఎఫ్.టి. వస్తుంది. అంగుళం కోత బద్ద చిత్రిక పట్టాక 20 నుంచి 22 మిల్లీమీటర్లకు దిగుతుంది, అది మామూలే.

తోట టేకులో తెల్ల కర్ర ఎక్కువగా ఉంటుంది. చేవలో ఉన్న నూనె, గట్టిదనం తెల్లదాంట్లో ఉండవు, పురుగు పట్టేది అక్కడే. తెల్ల కర్ర పైపలక కింది వైపుకో, లోపలి పట్టీలకో వాడుకోవచ్చు, కాళ్లకు మాత్రం వాడకండి. టేకు నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అతికే అంచుల్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, వెంటనే ఫెవికాల్ రాయాలి. నిన్న చిత్రిక పట్టిన అంచు మీద ఇవాళ రాస్తే పట్టు తగ్గుతుంది. టేకు ఉలినీ, రంపాన్నీ త్వరగా మొద్దుబారుస్తుంది, సానరాయి పక్కనే పెట్టుకోండి.

*పాత టేకు.* కొంచెం ఓపిక ఉన్నవాళ్లకు ఇదే మా మొదటి సలహా. పెంకుటిళ్లు కూల్చి అపార్టుమెంట్లు కడుతున్న ప్రతి వీధిలో పాత దూలాలు, వాసాలు, తలుపు రెక్కలు బయటికొస్తున్నాయి. ఏళ్ల తరబడి ఆరిన కర్ర అది, ఇక మెలితిరిగే అవకాశం తక్కువ. పాత కర్రలో ఉన్న ముదురు చేవ ఇప్పటి తోట టేకులో తరచుగా దొరకదు.

చిక్కల్లా మేకులతోనే. ఒక్క విరిగిన మేకు లోపల ఉండిపోయినా కోత మిల్లు బ్లేడు పాడవుతుంది, అందుకే కొన్ని మిల్లుల్లో పాత కర్ర కొయ్యరు. ముందుగా అయస్కాంతంతో తడిమి, మేకు పీకి, విరిగినవాటి చుట్టూ తొలిచి తియ్యాలి. నల్ల మచ్చ ఉన్నచోట ఇనుము ఉందని అనుకోండి. గోడలో కూరుకుని ఉన్న చివర్లు ఒక అడుగు కోసి పారెయ్యండి, చెమ్మ, చెద చేరేది అక్కడే. పాత రంగు పొరల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా ఉప్పు కాగితం పట్టకుండా రంగును మెత్తబరిచే స్ట్రిప్పర్ పూసి గీకండి, పిల్లలు ఆడే చోట ఆ పని చెయ్యకండి. తలుపు రెక్క పలకలు పైపలకకు, వాసాలు కాళ్లకు అతికినట్టు సరిపోతాయి.

*వేప.* గుంటూరు పల్లెల్లో ఇంటి చెట్టు కొట్టించి ‘దీంతో ఏదన్నా చేద్దాం’ అనేవాళ్లు చాలామంది. చేదు వల్ల పురుగు అంతగా ముట్టదు, గట్టిదే. కానీ నార ఎదురుబొదురుగా అల్లుకుని ఉండటంతో చిత్రిక పడితే ఒకచోట నునుపు, పక్కనే గరుకు లేస్తుంది. పచ్చి మీద కోసి వెంటనే వాడితే చివర్ల నుంచి పగుళ్లు పరుగెడతాయి. కోయించగానే బద్దల చివర్లకు మైనమో, పాత పెయింటో పూసి, మధ్యలో పుల్లలు పెట్టి నీడన దొంతరగా పేర్చి, అంగుళం మందానికి ఏడాది ఆరనివ్వాలి. అంత ఆగలేకపోతే కాళ్లకు మాత్రం వాడుకోండి.

*మామిడి.* నూజివీడు, నున్న వైపు ముసలి తోటలు తీసేసినప్పుడు కర్ర చవకగా వస్తుంది. పనికి మెత్తగా ఉంటుంది, రంగు కూడా ఒక్కోసారి చాలా అందంగా వస్తుంది. మందు పట్టించని మామిడిలో మాత్రం పురుగు పడుతుంది. టీపాయ్ కింద పసుపు పిండిలాంటి పొడి రాలుతుంటే అర్థం అదే. పైన మందు పూస్తే అది లోపలికి దిగదు. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో పచ్చి బద్దల్ని నానబెట్టాలి, లేదా మిల్లులోనే ట్రీట్‌మెంట్ చేసినది కొనాలి. అది జరిగిందని నమ్మకం లేకపోతే వదిలెయ్యండి.

కొండపల్లి దగ్గరే కదా అని పొణికి కర్ర గురించి అడిగేవాళ్లుంటారు. బొమ్మ చెక్కడానికి తేలికగా, మెత్తగా ఉండే ఆ గుణమే టీపాయ్‌కి పనికిరాదు. గ్లాసు గట్టిగా పెడితే సొట్ట పడుతుంది.

*రబ్బరు కర్ర బోర్డు.* చిన్న ముక్కల్ని వేళ్లు పెనవేసినట్టు అతికిన 18 మిల్లీమీటర్ల బోర్డు. తిన్నగా, కణుపులు లేకుండా ఉంటుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకు ఎంతో ఊరట. పైపలక అతికే పనే ఉండదు. కానీ తడి దీనికి శత్రువు. అన్ని వైపులా, అంచులతో సహా, పాలిష్ ఎక్కించకపోతే బూజు పడుతుంది. కాళ్లు దీంతో చెయ్యకుండా టేకు కాళ్లు పెట్టి, పైపలక, చట్రం దీంతో చేసుకోవడం మంచి మధ్యేమార్గం.

*ప్లైవుడ్.* 8 × 4 అడుగుల 18 మిల్లీమీటర్ల షీటులో సగం చాలు. షీటు మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉంటే అది మెరైన్ రకం, ఐ.ఎస్. 303 మామూలు వాడకానిది. దాంట్లో తేమకు తట్టుకునే బి.డబ్ల్యు.ఆర్. రకం అడగండి. అంచు చూసి లోపలి పొరల్లో ఖాళీలున్నాయా గమనించండి, వేలితో కొడుతూ పోతే బోలుగా మోగేచోటు తెలుస్తుంది. షాపులోనే మిషన్ మీద పెద్ద కోతలు కోయించుకుంటే ఇంట్లో పని సగం తగ్గుతుంది. కనిపించే అంచులకు ఆరు మిల్లీమీటర్ల టేకు బీడింగ్ (సన్నటి బద్ద) అతికించండి. బీడింగ్ లేని అంచు చీరకు, పంచెకు తగిలి లేస్తుంది. సన్‌మైకా అతికిస్తే కింది వైపు కూడా ఒక షీటు అతికించాలి, లేదంటే పలక ఒకవైపు వంగుతుంది.

ఎవరికి ఏది

అద్దె ఫ్లాట్‌లో ఉంటూ, డ్రిల్ ఒక్కటే ఉన్నవాళ్లకు: షాపులో కోయించిన ప్లైవుడ్, టేకు కాళ్లు, పొడవు వైపు చానల్ సొరుగు. రెండు ఆదివారాల పని.

చేతి పనిముట్లు పట్టడం ఇష్టపడేవాళ్లకు: పాత టేకు, పొట్టి వైపు చెక్క పట్టీల సొరుగు. కాలికి బెజ్జం తొలిచి పట్టీ చివరను అందులో కూర్చోబెట్టే అతుకు నేర్చుకోవడానికి ఇంతకంటే చిన్న, మంచి పని దొరకదు. బెజ్జం లోతు అంగుళం, మందం పావు అంగుళం పెట్టుకోండి. కాలు మరీ సన్నబడదు.

ఎప్పుడూ ఏసీ నడిచే గదిలో పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిందొకటి. అక్కడ కర్ర ఇంకా ఎండి తగ్గుతుంది. పలక మధ్య అతుకులు తెరుచుకోకుండా ఉండాలంటే కొన్న కర్రను అదే గదిలో రెండు మూడు వారాలు ఉంచి తర్వాత పని మొదలుపెట్టండి. తేమ మీటరు ఉంటే 12 శాతం దగ్గర్లో ఉందో లేదో చూడండి. మీటరు లేకపోతే ఒక ముక్కను వంటింటి త్రాసులో వారం వారం తూచండి. బరువు తగ్గుతుంటే ఇంకా ఆరుతోందని లెక్క.

పైపలక బిగించడం

ఎక్కువ టీపాయ్‌లు పగిలేది ఇక్కడే. కర్ర పలకను చట్రానికి జిగురు పెట్టి, స్క్రూలు బిగించి కదలకుండా చేస్తే అది పెరగడానికి, తగ్గడానికి చోటుండదు. ఏదో ఒక వేసవి రాత్రి టప్పుమని నెర్రె ఇస్తుంది. చట్రం లోపలి పట్టీలో గుండ్రని బెజ్జం బదులు పలక వెడల్పు దిక్కున 10 మిల్లీమీటర్ల పొడవాటి బెజ్జం తీసి, వాషర్ వేసి స్క్రూ బిగించండి. ముందు అంచు దగ్గర మాత్రం మామూలు బెజ్జం చాలు, కదలికంతా వెనక్కి వెళ్తుంది. ప్లైవుడ్ పలకకు ఈ బాధ లేదు, నేరుగా బిగించెయ్యండి.

పలకను అతికేటప్పుడు నాలుగైదు అంగుళాల బద్దలు వాడండి. మేలో ఫెవికాల్ చాలా త్వరగా ఎండుతుంది, కాబట్టి రెండేసి బద్దల చొప్పున ఉదయం పూట అతకండి. క్లాంపులు లేకపోతే కింద బల్లకు రెండు దిమ్మెలు కొట్టి, మధ్యలో ఎదురెదురు చీలలు దిగ్గొట్టినా బిగువు వస్తుంది.

పాలిష్

లక్క పాలిష్ అందమైనదే, చేత్తో పట్టించొచ్చు, కానీ వేడి కాఫీ గ్లాసు అడుగుకు తెల్లటి వలయం పడుతుంది. వానలో పూస్తే పూత మొత్తం పాలిపోతుంది. మెలమైన్ గట్టిది, అయితే స్ప్రే గన్, గాలాడే చోటు ఉండాలి, ఘాటు వాసన నాలుగు రోజులుంటుంది. ఇంట్లో బ్రష్‌తో పూసుకోవడానికి పీయూ (పాలీయురేతేన్ వార్నిష్) మేలు: మూడు పూతలు, మధ్యలో 320 నంబరు ఉప్పు కాగితం, ఒక్కో పూతకు డబ్బా మీద రాసినంత విరామం. పసుపు మరక, ఆవకాయ నూనె దాన్ని త్వరగా పట్టవు. పలక పైన ఎన్ని పూతలు వేస్తే కిందా అన్నే వెయ్యాలి, ఒకవైపే వేస్తే పలక దోనెలా వంగుతుంది.

కాళ్ల అడుగున కోసిన మొహానికి పీయూ మూడు నాలుగు సార్లు, ఇక పీల్చకుండా అయ్యేదాకా తాగించి, ఆపైన నైలాన్ బుష్ కొట్టండి. తడిగుడ్డ నీళ్లు అప్పుడు కర్ర దాకా చేరవు.

సొరుగు లోపల పీయూ, నూనె పూయకండి. మూసి ఉన్న చోట వాసన నెలల తరబడి పోదు, కాగితాలకు అంటుతుంది. లోపల ఉప్పు కాగితంతో నునుపు చేసి అలాగే వదిలెయ్యండి. జారే పట్టీలకు మాత్రం కొవ్వొత్తి ముక్కతో గట్టిగా రుద్దండి. వానలు మొదలయ్యే ముందు ఏడాదికోసారి మళ్లీ రుద్దితే చాలు.